బడి మాన్పించి ఏడాదైంది: మేకలు, వయొలిన్, మహేంద్రగిరి

పిల్లల్ని బడి ఎందుకు మాన్పించారు, ఇంట్లో ఎలా చదువుతున్నారు అని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ అడుగుతున్నారు, ఫోన్లలోనూ అదే, అందుకని ఒకసారి కూర్చుని రాసేస్తున్నా, ఇకమీద ఎవరడిగినా ఇదే పంపిస్తా. మా పిల్లలిద్దర్నీ బడి మాన్పించి ఇంటి దగ్గరే చదివించడం మొదలెట్టి ఈ జూన్‌కి ఏడాది నిండింది. పెద్దపాపకి 11, చిన్నోడికి 8. మాది గజపతి జిల్లా, పర్లాకిమిడి నుంచి కాశీనగర్ వైపు వెళ్తుంటే కొండ కింద ఒక ఊరు. జిల్లా ఒడిశా, ఇంట్లో మాట తెలుగు, బజార్లో ఒడియా, వారం సంతలో సవర (ఇక్కడి గిరిజనుల భాష) కూడా. నాలుగెకరాలుంది, పల్లంలో వరి, మెట్ట మీద జీడిమామిడి, గట్ల మీద కంది, ఇంటికి సరిపడా చోడి (రాగి). ఒక ఆవు, దాని దూడ, మేకలు, కోళ్ళు, ఎవరూ పిలవకుండానే వచ్చి ఉండిపోయిన ఒక కుక్క.

మాన్పించామంటే కొందరు మాకు ఫీజులకి డబ్బుల్లేవనుకున్నారు, కొందరు డబ్బు ఎక్కువై తిక్క పట్టిందనుకున్నారు. రెండూ కాదు. ఉదయం ఏడు కాకముందే వ్యాను, సాయంత్రం అయిదున్నరకి తిరిగొచ్చేది, వచ్చాక హోంవర్కు, వానాకాలంలో గెడ్డ (వాగు) పొంగితే వ్యాను రాదు కానీ ఫీజు మాత్రం తగ్గదు. పిల్లలు ఇంట్లో మెలకువగా ఉండేదే రెండు మూడు గంటలు, అందులో సగం ఏడుపు. మా ఆయన ఒక రోజు "వీళ్ళకి మన పొలం ఏ దిక్కునుందో కూడా తెలీదు" అన్నారు, అప్పట్నుంచి మొదలైంది ఆలోచన. మా అత్తగారు మాత్రం ఊరుకోలేదు, "ఏటే, అంత సదువుకున్నదానివి, గుంటల్ని మేకలు కాసుకోమని ఇంట్లో కూకోబెడతావేటి?" అని నెలరోజులు అదే పాట. ఇప్పుడు ఆవిడే పిల్లల దగ్గర కూర్చుని ఫోన్లో వాయిస్ మెసేజ్ పెట్టడం నేర్చుకుంటోంది, అది వేరే సంగతి.

ముందు చట్టం సంగతి చెప్పేస్తా, ఎందుకంటే భయమంతా అక్కడే. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది, 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలకి ఉచిత నిర్బంధ విద్య అంటుంది. అందులో ఇంటి చదువు గురించి విడిగా ఒక్క ముక్క కూడా లేదు, చేయొచ్చనీ లేదు చేయకూడదనీ లేదు. అందుకని మేం ఓపెన్ స్కూల్ (ఎన్.ఐ.ఓ.ఎస్) దారి చూసుకున్నాం. వాళ్ళకి ఓపెన్ బేసిక్ ఎడ్యుకేషన్ అని ఒకటుంది, ఎ లెవెల్ మూడో తరగతికి, బి అయిదుకి, సి ఎనిమిదికి సమానం. టెన్త్ రాయాలంటే 14 నిండాలి, తెలుగులోనూ రాయొచ్చు ఒడియాలోనూ రాయొచ్చు. పాత బడివాళ్ళు టీసీ ఇవ్వడానికి మాత్రం ముప్పుతిప్పలు పెట్టారు, వచ్చే ఏడాది మొదటి టర్మ్ ఫీజు కట్టి పట్టుకెళ్ళమన్నారు, ఎందుకు కట్టాలో చెప్పమంటే గుమాస్తాని చూపిస్తారు, గుమాస్తా హెడ్‌మాస్టర్ని చూపిస్తాడు. ఆఖరికి రాతపూర్వకంగా అడిగితే ఇచ్చారు. ఆగస్టులో ఊరి సర్కారు బడి మాష్టారు ఒకాయన బడి మానేసిన పిల్లల లెక్క రాసుకోడానికి వచ్చారు, మంచాయన, టీ తాగి, పెద్దపాప ఒడియా నోట్సు తిరగేసి, అక్షరం గుండ్రంగా రాయలేదని దిద్దించి మరీ వెళ్ళారు.

మొదట్లో గోడకి చార్ట్ అతికించాం. తొమ్మిదికి లెక్కలు, పదికి సైన్సు, పదకొండుకి ఇంగ్లీషు, రంగుల పెన్నులతో గీతలు కొట్టి ఎంతో ముచ్చటగా. జూలైలో దాన్ని మేక తినేసింది. జోక్ కాదు, కింద సగం నిజంగానే తినేసింది, పైన తొమ్మిదీ పదీ మిగిలాయి. మళ్ళీ అతికించలేదు. ఎందుకంటే అప్పటికే టైంటేబుల్ పశువులు వేసేసాయి. ఆవుకి ఆదివారం లేదు, అయిదున్నరకి పొదుగు బరువెక్కితే అరుస్తుంది, అరిస్తే లేవాలి. పాలు తీయడం, కొట్టం కడగడం, మేకల్ని విప్పడం అయ్యేసరికి ఏడున్నర, ఒళ్ళు వేడెక్కి ఉంటుంది, నిద్ర పోయి ఉంటుంది, అప్పుడు కూర్చుంటే చదువు బుర్రకెక్కుతోంది. ఇంటి చదువంటే పిల్లలు ఎప్పుడు లేస్తే అప్పుడు, ఏది నచ్చితే అది అని కొందరు చెప్తుంటారే, నాకు దాని మీద నమ్మకం లేదు. మా ఇంట్లో అయితే వేళకి చేయాల్సిన పని ఒకటి ఉండబట్టే మిగతావన్నీ దాని వెనకాల వచ్చాయి, వయొలిన్ కూడా.

వయొలిన్ సంగతి కొంచెం ఎక్కువ రాస్తా, ఏమనుకోకండి. పాతపట్నంలో ఒక రిటైరైన మాష్టారున్నారు, విజయనగరం సంగీత కళాశాలలో చదువుకున్నాయన. ఆ కాలేజీ 1919లో పెట్టారు, మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ నేర్పింది కూడా అక్కడే, ఆ పేర్లు చెప్పేటప్పుడు మాష్టారు కుర్చీలోంచి కొంచెం లేస్తారు. పర్లాకిమిడి నుంచి పాతపట్నం పక్కనే, ఆటో ఎక్కితే రాష్ట్రం మారిపోతుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రం అయినప్పుడు పర్లాకిమిడి జమీందారీ రెండు ముక్కలైంది, కొంత ఇటొచ్చింది కొంత మద్రాసులో ఉండిపోయింది అని మాష్టారే చెప్పారు, మా పాపకి సోషల్ పాఠం అలా సంగీతం క్లాసులో అయిపోయింది.

బరంపురంలో ముప్పావు సైజు వయొలిన్ కొన్నాం, పదకొండేళ్ళ చేతికి ఫుల్ సైజు అందదు. కింద బాసింపట్టు వేసుకుని కూర్చుని, తల భాగాన్ని కుడిపాదం మడమ దగ్గర ఆనించి పట్టుకోవాలి, అదొక్కటి కుదరడానికే వారాలు పట్టింది. తర్వాత మాయామాళవగౌళ రాగంలో సరళీ స్వరాలు (మొదటి పాఠాలు), మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో. మొదటి కాలం వినడానికి బాగానే ఉంటుంది, రెండో కాలంలో కుక్క వీధిలోకి వెళ్ళిపోతుంది, మూడో కాలానికి మా ఆయన కూడా. శ్రావణంలో ఇంకో కష్టం, గాల్లో చెమ్మకి బిరడాలు (తీగలు బిగించే చెక్క మరలు) ఉబ్బి బిగుసుకుపోయాయి, తిప్పితే తిరగవు, బలంగా తిప్పితే తీగ టప్పున తెగుతుంది. మాఘం దాటాక దానికి రివర్సు, చెక్క ఆరిపోయి బిరడా జారిపోతుంది, సగం వాయిస్తుండగా పంచమం ('ప' తీగ) శ్రుతి కిందికి దిగిపోతుంది. మాష్టారు బిరడాని బయటికి లాగి, దాని మెడకి బడిలో వాడే సుద్దముక్క కొంచెం రుద్ది, మళ్ళీ లోపలికి నొక్కుతూ తిప్పి చూపించారు. "తల్లీ, తిప్పడం కాదు, తోస్తూ తిప్పాలి" అన్నారు. ఇప్పుడు శ్రుతి తనే చేసుకుంటుంది, నాకైతే స్వరాలు వచ్చిందానికంటే అదే గొప్పనిపించింది.

వాన రోజుల్లో కొట్టంలోనే కూర్చుని సాధన చేసేది, ఇంట్లో అత్తగారి సీరియల్ టైం కాబట్టి. సంగీతం వింటే ఆవులు పాలెక్కువిస్తాయని ఎవరో చెప్పారు. సరే అని కొలిచాం, వాయించిన రోజులు ఒక వరస, వాయించని రోజులు ఒక వరస, చిన్నోడు గళ్ళ కాగితం మీద నిలువు గీతలు గీసాడు. ఆవు ఎప్పట్లాగే లీటరున్నర, లీటరుముప్పావు. దాణాలో తెలగపిండి పెంచిన వారం మాత్రం గీత పెరిగింది. సగటు తీయడం వాడికి అలా వచ్చింది.

చిన్నోడికి వయొలిన్ ఎక్కలేదు, కూర్చోలేడు వాడు. వాడికి దొరికింది తప్పెటగుళ్ళు. మా పెద్దాడపడుచు ఊరు శ్రీకాకుళం జిల్లాలో, అక్కడ గంగమ్మ పండక్కి గొల్లలు ఆడతారు, రేకుతో చేసిన గుండ్రటి తప్పెట మెళ్ళో వేలాడదీసుకుని గుండెల మీద రెండు అరచేతులతో వాయిస్తూ, కాళ్ళకి గజ్జెలు, పాటా ఆటా వాయింపూ అన్నీ ఒక్క మనిషే చెయ్యాలి, ఆఖర్న ఒకరి భుజాల మీద ఒకరెక్కి నిలబడతారు. దళానికి పెద్ద అయిన తాత మావాడిని చూసి "ఓరి గుంటడా, సెయ్యి కాదురా, ముందు కాలు సూడు" అని చేత్తో వాయించనివ్వకుండా ఉత్త అడుగులే వేయించాడు అక్కడున్నన్నాళ్ళూ. తప్పెట చేతికిచ్చింది వెళ్ళే ముందు రోజు. ఇంటికొచ్చాక నూనె డబ్బా మూత తీసుకుని తాడు కట్టుకున్నాడు, ఆ చప్పుడు గురించి నేనేమీ రాయను.

ఇంక మేకలు. మా దగ్గర బుల్లి అని ఒక నల్లమేక ఉంది. మేకకి చూలు కట్టిన దగ్గర్నుంచి 150 రోజులకి అటూ ఇటూగా ఈనుతుంది, పెద్దపాప కేలండర్‌లో చుట్టి పెట్టుకుంది. దసరాల్లో, రాత్రి, వాన, కరెంటు లేదు, అన్నీ కలిసొచ్చాయి. మొదటి పిల్ల బాగానే వచ్చింది, ముందు రెండు గిట్టలు, వాటి మీద ఆనించిన ముక్కు, అలా వస్తే ఏ ఇబ్బందీ ఉండదు. రెండోదానికి ముక్కూ ఒక్క గిట్టే కనబడుతున్నాయి, రెండో కాలు లోపల వెనక్కి మడతపడిపోయింది. బుల్లి నొప్పులు పడుతోంది, పిల్ల కదలట్లేదు. మా బ్లాకు పశువుల ఎల్.ఐ. (లైవ్‌స్టాక్ ఇన్‌స్పెక్టర్) బాబుకి ఫోన్ చేస్తే ఆయన గెడ్డ అవతల, రాలేరు. "ఇంట్లో ఎవరి చెయ్యి చిన్నది?" అని అడిగారు. మా ఆయన చెయ్యి పట్టదు, నా చెయ్యి వణుకుతోంది. పెద్దపాప గోళ్ళు కత్తిరించుకుని, మోచేతి దాకా సబ్బుతో కడుక్కుని, కొబ్బరినూనె రాసుకుని కూర్చుంది, నేను టార్చి పట్టుకున్నా, ఫోన్ స్పీకర్లో ఆయన "డరొనా మా, డరొనా" (భయపడకమ్మా) అంటూ ఒడియాలో చెప్తున్నారు. నొప్పి ఆగినప్పుడు తలని కొంచెం వెనక్కి తోయాలి, కాలి వెంబడి వేళ్ళు పోనిచ్చి మోకాలు పట్టుకోవాలి, గిట్ట గర్భసంచికి గీసుకోకుండా అరచేతిలో మూసి ముందుకి తేవాలి. పాప కళ్ళు మూసుకుని "దొరికింది... కాదు... ఆఁ, దొరికింది" అంది. తర్వాత నొప్పికి పిల్ల జారి గోనె మీద పడింది. ముక్కులో జిగురు తుడిచి, గడ్డిపరక ముక్కులో పెట్టి గిలిగింత పెడితే తుమ్మింది. బొడ్డుకి అయోడిన్ రాసి, గంటలోపు జున్నుపాలు తాగించాం. తెల్లారాక నోట్‌బుక్ తీసి సైన్స్ అని హెడ్డింగ్ పెట్టి లోపల పిల్ల ఎలా ఉందో రెండు బొమ్మలు వేసింది, తప్పుగా ఉన్నది ఒకటి, సరిగ్గా ఉన్నది ఒకటి. ఆ పేజీ ఎల్.ఐ. బాబు ఫొటో తీసుకున్నారు.

కోళ్ళతో అంత బాగా జరగలేదు. ఎండాకాలం ముందు కొక్కెర తెగులొచ్చింది, మెడ తిప్పేసుకుని, పచ్చగా పారుకుని, నాలుగైదు రోజుల్లో సగం పోయాయి. చిన్నోడి కోడిపుంజు కూడా. వాడు రెండు రోజులు అన్నం తినలేదు. మందు లేదు దానికి, టీకా ఒక్కటే, కోడిపిల్లలకి మొదటి వారంలో కంట్లో చుక్క వేస్తారు. కానీ టీకా సీసా నూరు కోళ్ళకి సరిపడా వస్తుంది, కలిపాక రెండు మూడు గంటల్లో వాడేయాలి, మా దగ్గరున్నవి ఇరవై పిల్లలు. అందుకే పల్లెల్లో ఎవరూ వేయించరు, అజ్ఞానం అని పట్నంవాళ్ళు తిడతారు గానీ అసలు కారణం సీసా సైజు. చిన్నోడు ఇంటింటికీ తిరిగి ఎవరికెన్ని పిల్లలున్నాయో రాసుకొచ్చి, ఒకే రోజు అందరికీ వేయించే ఏర్పాటు చేసాడు, పైన సవర గూడెం దాకా వెళ్ళాడు. ఐసు ఫ్లాస్కు మెళ్ళో వేసుకుని మహా సీరియస్‌గా.

ఆ గూడెంతో రాకపోకలు అప్పట్నుంచే ఎక్కువయ్యాయి. వాళ్ళింట్లో ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో వేసిన బొమ్మలు, ఇడితాల్ అంటారు, మనుషులూ గుర్రాలూ చెట్లూ ఒకదాని పక్కన ఒకటి కిక్కిరిసి ఉంటాయి, అలంకారానికి కాదు, పూజకి. పిల్లలు సవర మాటలు ఒకటొకటి పట్టుకొచ్చి ఇంట్లో వాడేవారు. గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడి బళ్ళో పాఠాలు చెప్తూ సవర నేర్చుకుని, ఆ భాషకి నిఘంటువు రాసారు కదా, ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. మా ఊరికి ఇంత దగ్గర కథ, పాత బడి పుస్తకంలో ఒక్క పేరా.

తిరుగుళ్ళ గురించి అందరికీ ఆసక్తి, నిజానికి అవి చాలా తక్కువ, ఆవుని ఎవరికో అప్పజెప్పి వెళ్ళాలి కాబట్టి. నవంబర్లో గుణుపురం లైను రైలెక్కి నౌపడ దిగి, ఉప్పు మళ్ళు చూసి, తేలినీలాపురం వెళ్ళాం. ఆ రైలు ఒకప్పుడు పర్లాకిమిడి రాజా వేయించిన చిన్న రైలు, మా మామగారు దిగి పరుగెత్తి మళ్ళీ ఎక్కేవారట. 2004లో ఆపి, పెద్ద లైను వేసి 2011కి గుణుపురం దాకా మళ్ళీ నడిపారు. తేలినీలాపురంలో ఊరి మధ్య చింతచెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళు కడతాయి, ఊరివాళ్ళు ఆడపిల్లలు పురిటికి పుట్టింటికొచ్చినట్టు చూసుకుంటారు. అవి సైబీరియా నుంచి వస్తాయని అక్కడ అందరూ చెప్తారు, మేమూ చిన్నప్పట్నుంచి అదే విన్నాం. పెద్దపాప పక్షుల పుస్తకం తిరగేస్తే ఈ గూడబాతు మన దేశం, శ్రీలంక చుట్టుపక్కల పిట్టే, సైబీరియా మొహం కూడా చూడదు. మేం అక్కడ ఎవరితోనూ వాదించలేదు లెండి.

డిసెంబర్లో మహేంద్రగిరి. 1501 మీటర్లు. పైకి వెళ్ళేకొద్దీ చెట్లు పొట్టివైపోయి, ఆఖర్న ఉత్త గడ్డి, మంచు పొగ, మా వెనకున్న మనిషి మాకు కనబడట్లేదు. కుంతి, ధర్మరాజు, భీముడి పేర్లతో పాత రాతి గుళ్ళున్నాయి, భీముడిది చిన్న గుడే కానీ ఒక్కో రాయీ అంతంత, చిన్నోడు చేతులు చాపి కొలిచాడు, చాలలేదు. దిగేటప్పుడు జీరంగ వైపు వెళ్ళాం. 1960ల్లో వచ్చి స్థిరపడిన టిబెట్ వాళ్ళున్నారక్కడ, 2010లో దలైలామా తెరిచిన పెద్ద బౌద్ధ మఠం ఉంది. పొడుగాటి బాకాలు ఊదారు, ఆ మోత నేల్లోంచి కాళ్ళలోకి వచ్చింది. పెద్దపాప "అమ్మా, అది మన మంద్ర షడ్జమానికి (కింది స్థాయి 'స') దగ్గరగా ఉంది" అని గుసగుసలాడింది, నిజమో కాదో నాకు తెలిసే దారి లేదు.

మార్చి నుంచి మే దాకా ఎక్కడికీ లేదు, జీడిపంట. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా పాత చెట్లు చాలా వరకూ వేళ్ళతో సహా పోయాయి, ఇప్పుడున్నవి తర్వాత పెట్టిన అంటు మొక్కలు. రాలిన పళ్ళ వాసనకి ఎలుగుబంటి దిగుతుంది, అందుకని పొద్దు బాగా ఎక్కేదాకా పిల్లల్ని తోటలోకి వెళ్ళనివ్వం, ఒకనాడు తడి మట్టిలో అచ్చం మనిషి పాదంలా జాడ చూసి ఇద్దరూ తోకముడిచి ఇంటికొచ్చేసారు. గింజల బస్తా 80 కిలోలు, పలాసలో దాన్ని కొడితే 22, 23 కిలోల పప్పొస్తుంది, మరి మనకిచ్చే ధర ఎంత, పప్పు ధర ఎంత, మధ్యలో కూలీ ఎంత, శాతాలన్నీ దాంట్లోనే అయిపోయాయి. జీడిసొన చేతికి అంటి పెద్దపాప వేళ్ళ తోలు ఊడిపోయి వారం పాటు వయొలిన్ లేదు. పగలు జీడి, రాత్రి ఊళ్ళో దండనాట, చైత్రంలో పదమూడు రోజులు, నడి ఎండలో భోక్తలు (మొక్కుకున్నవాళ్ళు) దుమ్ములో పొర్లి మొక్కు తీర్చుకుని రాత్రంతా ఆడతారు, మావాళ్ళు గోనె పరుచుకుని తెల్లవార్లూ అక్కడే. మధ్యలో ఒక్క రాత్రి మాత్రం ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోటికి వెళ్ళి తాబేలు పిల్లలు ఇసకలోంచి రావడం చూసాం. గుడ్లు పెట్టిన నలభై అయిదు, యాభై రోజులకి పిల్లలు బయటికొస్తాయి, వెలుతురు ఎటుంటే అటు పాకుతాయి, సముద్రం మీద మెరుపు వాటికి దారి, మన ఊరి లైట్లు వెలిగితే ఇటే వచ్చేస్తాయి. ఇసక వేడిని బట్టి ఆడో మగో తేలుతుందని ఒక వలంటీర్ అబ్బాయి చెప్తే చిన్నోడు కోడిగుడ్లకి కూడా అంతేనా అనడిగాడు. కాదు.

వెనకబడినవి కూడా చెప్పాలి. ఇంగ్లీషు రాయడం వెనకబడింది, చదవడం పర్లేదు. చరిత్ర ముక్కలు ముక్కలుగా ఉంది, మా చుట్టుపక్కలది వచ్చు, మొఘలులు రారు. అన్నిటికంటే పెద్దది, చిన్నోడికి ఈడు పిల్లలు లేరు. సాయంత్రం ఊరి పిల్లలు బళ్ళోంచి వచ్చి కబడ్డీ ఆడుకుంటూ వాడికి తెలియని జోకులేసుకుంటారు, వాడు గట్టు మీద కూర్చుని చూస్తాడు. మేలో వాడే అడిగాడు, బడికి పంపించమని. మా ఆయన కొంచెం చిన్నబుచ్చుకున్నారు, నేను వెంటనే సరేనన్నా, ఊరి సర్కారు బడి నడిచి వెళ్ళే దూరమే, వ్యాను గొడవ లేదు. చట్టం ప్రకారం వయసుకి తగ్గ తరగతిలో చేర్చుకోవాలి, టీసీ ఆలస్యమైందని చేర్చుకోకుండా ఉండకూడదు, మీలో ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నా. జూలైలో నాలుగులో వేసారు. పెద్దపాప ఇంట్లోనే ఉంటానంది, వయొలిన్‌లో గీతాలు మొదలయ్యాయి, 14 నిండాక ఓపెన్ టెన్త్.

పొద్దున్న పాలు తీసే వాటా వాడు వదల్లేదు, బడికి టైం ఉంది కదా అని. మేకలు ఎవరు తోలాలన్న దగ్గరే అక్కా తమ్ముడికి రోజూ గొడవ, ఈ వారం మా అత్తగారు కర్ర పట్టుకుని బయల్దేరారు.